సగం బొంత

కిందటి నెలలో ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ కొత్తగా ఏఎన్ఎంలుగా చేరినవాళ్ళు. అందులో ఒకమ్మాయికి నేను చివరగా పనిచేసిన సబ్‌సెంటరే ఇచ్చారట. "మేడం, మీ అనుభవంలోంచి మాకు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. కాఫీ ఇచ్చి, ఎండలో ఎలా తిరగాలో, ఏ ఊళ్ళో ఏ సందులో కుక్కలు మీద పడతాయో చెప్పి పంపించాను. వాళ్ళు వెళ్ళాక నా మీద నాకే కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా పల్లెల్లో కాన్పులు చూసిన మనిషి చెప్పాల్సింది కుక్కల గురించా?

అందుకే ఇది రాస్తున్నాను. రిజిస్టర్లు, టార్గెట్లు, బదిలీల గురించి రాయను. అవి మీ పైవాళ్ళే రోజూ చెవిలో ఊదుతారు. నేను చెప్పేది ఒక్క విషయం. బిడ్డ పోయిన ఇంట్లో మళ్ళీ బిడ్డ కోసం చూస్తున్నప్పుడు మనం ఏం చేయాలి, ఏం చేయకూడదు. ఇది నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. తప్పు చేసి తెలుసుకున్నాను. ఆ తప్పుకి రెండేళ్ళు ఏడ్చింది మాత్రం నేను కాదు.

నా నోరు

ముందు నా గురించి చెప్పాలి. నా పేరు దీనమ్మ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ పేరుతో పిలిచింది మా ఆయన, మా పాస్టరు గారు, ఆఫీసు వాళ్ళు అంతే. మిర్చీ పత్తీ పండే ఆ నాలుగూళ్ళలో నేను నర్సమ్మని. చేరిన కొత్తల్లో నన్ను వరండా దాటి లోపలికి రానివ్వని ఇళ్ళుండేవి. గ్లాసు వేరు, పీట వేరు. నొప్పులు మొదలయ్యాక మాత్రం ఏ గడపా నాకు అడ్డు రాలేదు. దాంతో నాకు ఒక మొండితనం పట్టుకుంది. ఈ ఇంట్లో నా మాటే చెల్లాలి అనుకునేదాన్ని. "నర్సమ్మ చెప్పిందంటే చెప్పిందే" అని ఊళ్ళో అనుకుంటుంటే కడుపు నిండినట్టుండేది.

మా పీహెచ్‌సీకి ఒక లేడీ డాక్టరు వచ్చారు. నాకంటే బాగా చిన్న. ఒకరోజు నేనొక గర్భిణిని గదమాయిస్తుంటే పక్కన నిలబడి విన్నారు. ఆమె వెళ్ళాక మెల్లగా అన్నారు: "దీనమ్మ గారూ, మీరు ఆమెకి పది మాటలు చెప్పారు. ఆమెని ఒక్కటీ అడగలేదు."

నాకు ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు చెప్పడమేంటి అనుకున్నాను. ఆవిడకి బదిలీ అయినప్పుడు లోలోపల సంతోషించాను కూడా. నా ఉద్యోగంలో చాలామంది పైవాళ్ళని చూశాను. అరిచినవాళ్ళు గుర్తున్నారు, సంతకాలకి తిప్పించినవాళ్ళు గుర్తున్నారు. పనికొచ్చే మాట చెప్పింది మాత్రం ఆవిడ ఒక్కరే.

పెంటయ్య గారి పేరు

ఆ నాలుగూళ్ళలో ఒక ఊళ్ళో పెంటయ్య గారని ఒక పెద్దాయన ఉండేవారు. ఒకసారి బీపీ చూస్తూ, "ఇదేం పేరండీ, మార్పించుకోలేకపోయారా?" అని ఎగతాళి చేశాను. ఆయన కోప్పడలేదు.

"నాకు ముందు ముగ్గురు పోయారంటమ్మా" అన్నారు. "నేను పుట్టంగానే మా అమ్మ నన్ను చాటలో పెట్టి పెంటదిబ్బ మీద పడుకోబెట్టిందంట. మా మేనత్త అక్కడ దొరికినట్టు ఎత్తుకొచ్చి మళ్ళా మా అమ్మ చేతిలో పెట్టింది. దిబ్బ మీద దొరికినోడి మీద ఎవురి కన్నూ పడదు గదా. మా అమ్మని పిల్లలెంతమంది అని అడిగితే నలుగురు అనేది. పోయిందాకా అట్టానే అంది."

మూఢనమ్మకం అని నవ్వుకుని, మాత్రలిచ్చి వచ్చేశాను. చంటిబిడ్డని చెత్త మీద పెట్టడం ఇప్పటికీ నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోవద్దు. కానీ ఆ ముసలావిడకి తెలిసిన సంగతి ఒకటి నాకు తెలియలేదు. బతికున్న కొడుకుని పిలిచినప్పుడల్లా పోయిన ముగ్గురూ ఆమెకి గుర్తొచ్చేవాళ్ళు. ఆమె గుర్తుంచుకోవాలనుకుంది. నేను తుడిచేయడమే మంచిదనుకున్నాను.

నేను చూపించనివ్వని బిడ్డ

నాగలక్ష్మి ఆ ఊరి కోడలు. పుట్టిల్లు ఒంగోలు అవతల. తల్లి లేదు, పెళ్ళికి ముందే పోయింది. భర్త శీను కొంత సొంతం, కొంత కౌలు చేసేవాడు. అత్త వెంకాయమ్మ మనిషి పిడికెడు, గొంతు ఊరంత. ఆమె కల్లంలో కూలీల్ని కేకలేస్తుంటే రోడ్డు మీద నాకు వినపడేది.

నాగలక్ష్మికి తొలిచూలు. బరువు బాగుంది, రక్తం బాగుంది, స్కానింగు బాగుంది. నెలనెలా వచ్చేది. మాత్రలు మింగుతున్నావా, సూది వేయించుకున్నావా, ఆకుకూర తింటున్నావా అని వరసగా అడిగి కార్డు నింపేదాన్ని. బిడ్డ ఎలా మెదులుతోందని మాత్రం అడగలేదు. మెదలడం తగ్గితే పరిగెత్తుకు రావాలని చెప్పలేదు. అన్నీ బాగున్నాయి కదా అనుకున్నాను.

తొమ్మిదో నెలలో ఒకరోజు పొద్దున్నే సెంటరుకి వచ్చింది. "నిన్న మధ్యాన్నం నుంచీ అంతగా మెదల్లేదండీ" అంది.

"నిన్ననే ఎందుకు రాలేదు?"

"కల్లంలో కాయలు ఆరబోసున్నాయండీ. పడుకుందేమోలే అనుకున్నా."

పొట్ట మీద అన్ని చోట్లా చెవి పెట్టి విన్నాను. ఎక్కడా గుండె చప్పుడు లేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆడపిల్ల పుట్టింది. నిండు పిల్ల. ఊపిరి లేదు.

తువ్వాల్లో చుట్టి నా చేతుల్లో పెట్టారు. నాగలక్ష్మి లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వెంకాయమ్మ వచ్చి తువ్వాలు కొంచెం తొలగించి చూసింది. "నర్సమ్మా, ఒక్కసారి దానికి చూపిద్దామా?" అంది.

"వద్దండీ" అన్నాను. "చూస్తే మరిచిపోవడం ఆమె వల్ల కాదు. చిన్నపిల్ల, మళ్ళీ పుడతారు. మీరు తీసుకెళ్ళిపోండి. ఇంట్లో పాప మాట ఎత్తొద్దు. కొన్నవీ కుట్టినవీ అన్నీ తీసేయండి. ఆమె ఇంటికొచ్చేసరికి ఏదీ కంటపడకూడదు."

శీనుకి కూడా ఇదే చెప్పాను. అప్పట్లో మాకు తెలిసిన పద్ధతి అదే, మా సీనియర్లు చేసిందీ అదే. అయినా వాళ్ళ మీదకి నెట్టను. ఆ రోజు చూపిద్దామా అని అడిగింది నన్ను, వద్దన్నది నేను. నర్సమ్మ చెప్పిందంటే చెప్పిందే కదా. ఆ ఇంట్లో వాళ్ళు నా మాట తు.చ. తప్పకుండా విన్నారు.

సంచి

ఏడాదిన్నర గడిచింది. నాగలక్ష్మికి మళ్ళీ నాలుగో నెలని, ఇంకా పేరు రాయించుకోలేదని ఆశా వర్కరు చెప్పింది. వెళ్ళాను. వెంకాయమ్మ వాకిట్లోనే ఆపేసింది. "ఇప్పుడే ఏమీ రాయబాకమ్మా. నిలబడనీ" అంది. మూడుసార్లు తిరిగితే నాగలక్ష్మి సెంటరుకి వచ్చింది. వచ్చినా కార్డు ఇంటికి తీసుకెళ్ళలేదు. ఎన్నో నెల అని పొరుగువాళ్ళు అడిగితే మాట మార్చేది. పొట్ట తెలియకుండా పైన శీను చొక్కా వేసుకునేది.

ఏడో నెల దాటాక నేను అందరికీ చెప్పేదే ఆమెకీ చెప్పాను. మెత్తటి పాతచీరలు రెండు, బిడ్డకి గుడ్డలు, ఒక సంచిలో సర్ది పెట్టుకో అని.

"పోయినసారి సర్దానండీ" అంది. "ఎట్టా తీసుకెళ్ళానో అట్టానే మోసుకొచ్చా. మళ్ళా మా ఇంట్లో ఆ సంచి నేను చూళ్ళేను."

"అయితే నా దగ్గర పెట్టు. సెంటర్లో బీరువా ఉంది."

వారం తర్వాత ఒక గుడ్డసంచిలో రెండు చీరలు, చిన్న చొక్కాలు తెచ్చింది. ఇచ్చేసి తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చింది.

"మా అత్తకి చెప్పబాకండి. ఆమెకి ఇట్టాంటివి గిట్టవు. పోయినసారి మా అమ్మ చీర మడతలేసి నేను బొంత కుట్టుకున్నా. ఆకుపచ్చ దారంతో, రెండు నెలలు కుట్టా. ఇంటికొచ్చేసరికి అది కూడా లేదు. పొయ్యిలో పెట్టుంటది. ఆ మనిషి కంట్లో ఒక్క చుక్క రాల్లేదండీ. ఆ రోజుకీ ఈ రోజుకీ పాప అన్న మాటే అనదు."

తీసేయమన్నది నేను. అనొద్దన్నది నేను. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. ఊరందరి మీదా లేచే నోరు అక్కడ లేవలేదు. పిరికితనం అంటే అదే.

నాలుగు రోజులకి వెంకాయమ్మ వచ్చింది. పమిట కింద దారంతో గట్టిగా కట్టిన పొట్లం ఉంది.

"సంచి నీ కాడుందంట గదా, ఆశా పిల్ల చెప్పింది. ఇది అడుగున పెట్టు. బిడ్డ చేతికొచ్చిందాకా విప్పబాక. దానికి తెలిస్తే బెదురుద్ది" అంది. ఎప్పుడూ లేనిది, గుసగుసలాడింది.

ఆ నెలలోనే శీను సెంటరు ముందు మోటారు సైకిలు ఆపి దిగాడు. జేబులోంచి ఒక గిలక్కాయ తీశాడు. "పోయినసారి నేనేం కొనలేదండీ. పుట్టాక కొందాంలే అనుకున్నా" అని, దాన్ని సంచిలో వేయమని నా చేతిలో పెట్టాడు. "ఇంట్లో ఆడోళ్ళకి తెలీనీయబాకండి." తాను కొననందుకే అలా జరిగిందేమోనని ఆ మనిషి రెండేళ్ళుగా అనుకుంటున్నాడు. అలా కాదయ్యా అని చెప్పడానికి ఆ ఇంట్లో ఒక్కరూ లేరు, ఎందుకంటే ఆ మాట ఎత్తకూడదు.

ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే కుండలో అన్నం తింటూ, ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు నా బీరువాకి వచ్చారు. మొదట నవ్వొచ్చింది. సాయంత్రం సెంటరుకి తాళం వేస్తుంటే మాత్రం చాలా సిగ్గేసింది.

పది గింజలు

ఈసారి కదలికల సంగతి వదలదలుచుకోలేదు. చార్టులో గీతలు గీయమంటే మన ఆడవాళ్ళకి కుదరదు. అందుకని పది పత్తి గింజలు ఇచ్చాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎడమవైపు తిరిగి పడుకోవాలి. బిడ్డ మెదిలినప్పుడల్లా ఒక గింజ ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలో వేయాలి. రెండు గంటల్లో పదీ మారకపోతే ఇంకేమీ ఆలోచించకుండా నా దగ్గరికి రావాలి.

వెంకాయమ్మ వినగానే, "కడుపులో బిడ్డని లెక్కపెడతారా ఎక్కడన్నా? దిష్టి గాదూ?" అంది.

"బిడ్డని కాదండీ, గింజల్ని లెక్కపెట్టమంటున్నా" అన్నాను. గొణుక్కుంటూ పోయింది.

నాగలక్ష్మిని ఒప్పించడమే కష్టమైంది. గింజలు ముట్టుకోలేదు.

"లెక్కపెడితే ఆగిపోయినప్పుడు తెలిసిపోద్ది గదండీ" అంది. "తెలీకపోతే ఇంకో పూటన్నా ఉందనుకుంటా."

నేను చాలామంది ఏడుపులు విన్నాను. ఈ మాట ముందు అవన్నీ తక్కువే. ఇక దాచలేకపోయాను.

"నాగలక్ష్మీ, పోయినసారి బిడ్డ మెదులుతోందా అని నిన్ను నేను అడగాల్సింది. ఒక్కసారి కూడా అడగలేదు. తగ్గితే వెంటనే రమ్మని చెప్పలేదు. కాయలు ఆరబోసుకుంటూ కూర్చోవడం నీ తప్పు కాదు. నాది."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గింజలు తీసుకుని కొంగున ముడేసుకుంది.

మిరపకోతలు జోరుగా సాగుతున్న రోజులు. తొమ్మిదో నెల పడింది. ఆ మధ్యాహ్నం నేను సెంటర్లో పిల్లలకి టీకాలు వేస్తున్నాను. నాగలక్ష్మి ఎండలో చెప్పులు కూడా లేకుండా నడిచొచ్చింది. నా ముందు పిడికిలి విప్పింది. నాలుగు గింజలు ఉన్నాయి, చెమటకి అరచేతికి అంటుకుపోయి.

"ఇయి మిగిలిపోయినయ్యండీ" అంది.

పడుకోబెట్టి, సెంటరుకి కొత్తగా ఇచ్చిన, బిడ్డ గుండె వినిపించే మిషను పెట్టాను. గుండె వినపడింది. నెమ్మదిగా, కానీ వినపడింది. ఆమెకి కూడా వినిపించాను. అంబులెన్సుకి ఫోన్ చేసి, బీరువాలోంచి సంచి తీసుకున్నాను. శీను, వెంకాయమ్మ చేలోంచి నేరుగా వచ్చి ఎక్కారు.

ఆపరేషన్ చేయాలన్నారు. బయట బల్ల మీద నేను సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనే వెంకాయమ్మ. పొద్దుట్నుంచీ కాయలు కోసిన చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. కళ్ళు కారిపోతున్నాయి. కారం చేతులు కావడంతో తుడుచుకోవడంలేదు. నేను నా కొంగుతో తుడవబోతే తల పక్కకి తిప్పుకుంది. "పోయినసారి కూడా కోతలే గదమ్మా" అంది.

లోపలినుంచి ఏడుపు వినపడింది. బిడ్డ ఏడుపు.

సంచి విప్పిన రోజు

మళ్ళీ ఆడపిల్లే. మర్నాడు పొద్దున వార్డులో నాగలక్ష్మి పక్కన పడుకోబెట్టి ఉంది. నేను వెళ్ళి, సంతోషంలో, ఊళ్ళో అందరూ అనే మాటే అన్నాను. "పోయిన పాపే మళ్ళీ నీ కడుపున పుట్టింది చూడు."

"కాదండీ" అంది నాగలక్ష్మి. కోపంగా అనలేదు, నీరసంగా ఉంది. "ఇది వేరే పిల్ల. అది వేరే."

ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. నాకు అప్పటికీ బుద్ధి రాలేదని ఆమే నాకు చెప్పాల్సి వచ్చింది.

సంచి విప్పాను. చీరలు, చొక్కాలు తీశాను. గిలక్కాయ బయటపడగానే శీను కిటికీ వైపు తిరిగాడు. అడుగున వెంకాయమ్మ పొట్లం ఉంది. దారం తెంపి విప్పాను. అందులో ఒక బొంత. బొంత కూడా కాదు, సగం. మూడు వైపులా ఆకుపచ్చ దారంతో సన్నటి కుట్టు. నాలుగో వైపు కత్తెరతో కోసిన అంచు, దాన్ని నల్లదారంతో ఎవరో మోటుగా మడిచి కుట్టారు.

నాగలక్ష్మి దాన్ని చేతిలోకి తీసుకుంది. వాళ్ళమ్మ చీర. అటూ ఇటూ తిప్పి చూసింది.

"సగమే ఉందేంటత్తా? మిగతాది ఏది?"

వెంకాయమ్మ గోడ పట్టుకుని నిలబడింది. "దానికి కప్పా" అంది. "మన చేను గట్టు మీద. ఒట్టి మట్టిలో ఎట్టా పడుకోబెడతా? మీ అమ్మ చీర గదా, దాని కాడ మీ అమ్మన్నా ఉంటదని సగం దానికి కప్పా. సగం నీకుండాలని దాచా."

నాగలక్ష్మి ఆ సగం బొంతని పక్కనున్న పిల్ల చుట్టూ చుట్టింది.

"నాకెందుకు చెప్పలా?" అంది నాగలక్ష్మి. "రెండేళ్ళు, అత్తా. కాల్చేశావనుకున్నా."

వెంకాయమ్మ నావైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. అమాయకంగా చూసింది. "నర్సమ్మ చెప్పొద్దంది గదా" అంది.

నా ఉద్యోగంలో చీవాట్లు తిన్నాను, మెమోలు తీసుకున్నాను. ఏదీ నన్ను ఇంత కిందకి దించలేదు. "అవునమ్మా" అన్నాను. "చెప్పొద్దన్నది నేనే. నీకు చూపించొద్దన్నదీ నేనే. మీ అత్త చూపిద్దామని అడిగింది."

నాగలక్ష్మి నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు. ఆమె అడిగింది వేరే.

"అది ఎట్టా ఉందండీ?"

గుర్తున్నదంతా చెప్పాను. తల నిండా జుట్టు ఉందని, నుదురు మీదికి పడిందని. గడ్డం అచ్చం నాగలక్ష్మిదే అని. ఎడమ చెవి అంచు కొంచెం మడతపడి ఉందని. చెబుతుంటే ఆమె కళ్ళు మూసుకుని వింది. మధ్యలో ఆపి, "చేతులో?" అంది.

తువ్వాల్లో చుట్టి ఉంది, చేతులు నేను చూడలేదు. విప్పి చూడాలని ఆ రోజు నాకు తోచలేదు.

"యేళ్ళు పొడుగు" అంది వెంకాయమ్మ. "సన్నంగా, పొడుగ్గా. శీనుగాడివి మొద్దు యేళ్ళు, నీవీ పొట్టియ్యే. ఎవురియ్యో నాకు తెలీలా."

"మా అమ్మవి" అంది నాగలక్ష్మి. అని, రెండేళ్ళ తర్వాత మొదటిసారి అత్త చెయ్యి పట్టుకుని పైకే ఏడ్చింది. వెంకాయమ్మ కూడా. పక్కన కొత్తపిల్ల ఆ సగం బొంతలో నిద్రపోతూనే ఉంది.

మొన్న వచ్చిన అమ్మాయిలిద్దరికీ చెప్పాల్సింది ఇదే. కడుపులో బిడ్డ మెదులుతోందా అని ప్రతిసారీ అడగండి. ఎంతమంది పిల్లలని అడిగినప్పుడు పోయినవాళ్ళని కూడా చెబితే ఆపకుండా వినండి. మాట ఎత్తొద్దని ఎవరికీ చెప్పకండి. ఊపిరి లేని బిడ్డ మీ చేతికొస్తే, చూపించమంటావా అని తల్లినే అడగండి. వద్దంటే బలవంతం చేయకండి. కానీ మీరు మాత్రం తువ్వాలు విప్పి చూడండి. జుట్టు, గడ్డం, చెవులు, చేతులు, వేళ్ళు, అన్నీ చూసి గుర్తుపెట్టుకోండి. ఎన్నాళ్ళకైనా ఆ తల్లి మిమ్మల్ని అడుగుతుంది.